సీటొచ్చిందని శాలువా కప్పారు, మ్యాథ్స్ పోయిందని ఎవరైనా అడిగారా?



ఇది ముందుగా బందరు రోడ్డు మీద కాలేజీ బస్సులెక్కే మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. తర్వాత ఆ కాలేజీల్లో కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు. ఆ తర్వాత మన సంఘాల పెద్దలకు. ఎవరికి కోపం వచ్చినా పర్లేదు, చివరిదాకా చదివి కోప్పడండి.

ప్రతి ఏడాదీ జరిగేదే చెబుతా. ఎంసెట్ ఫలితాలొస్తాయి (పేరు ఈఏపీసెట్ అని మార్చారు గానీ మన ఊళ్లలో ఇంకా ఎంసెటే). ఏజెన్సీలోనో తండాలోనో ఒక పిల్లకి ఇంజినీరింగ్ సీటొస్తుంది. ఆ ఊరికి అదే మొదటి సీటు. ఫ్లెక్సీ కడతారు. శాలువా కప్పుతారు. వాట్సాప్ గ్రూపుల్లో "మన జాతి ముద్దుబిడ్డ" అని ఫొటో తిప్పుతారు. పిల్ల రాత్రంతా బస్సులో కూర్చుని పొద్దున్నే విజయవాడలో దిగుతుంది. ఆ తర్వాత? మొదటి సెమిస్టర్‌లో మ్యాథ్స్ పాసయిందా, సి ప్రోగ్రామింగ్ బుర్రకెక్కుతోందా, హాస్టల్లో కనీసం ఒక్కరితోనైనా మనసిప్పి మాట్లాడుతోందా? ఫ్లెక్సీ కట్టినవాళ్లలో ఒక్కరికైనా తెలుసా? సంక్రాంతి సెలవులకి ఇంటికొచ్చి తిరిగి వెళ్లకపోతే "ఒంట్లో బాలేదంట" అంటారు. ఉగాది నాటికి ఆ మాట కూడా మర్చిపోతారు.

నేను కంకిపాడులో ఉంటున్నా. ఇంజినీరింగ్ ఇక్కడే ముగించా. ఆదివారాలు నా గదికి జూనియర్లు వస్తారు. చింతూరు వైపు నుంచొచ్చిన కోయ పిల్లలు, ఎ.కొండూరు తండాల లంబాడీ పిల్లలు, ఇక్కడే కాలువ గట్ల మీద పుట్టి పెరిగిన యానాది, ఎరుకల పిల్లలు. వాళ్లు చెప్పేవి విని విని, ఇక ఊరుకోలేక రాస్తున్నా.

ముందు ఆ పాత మాట సంగతి తేల్చేద్దాం. "రిజర్వేషన్‌లో సీటిచ్చారు, మెరిట్ లేదు, అందుకే నిలబడలేకపోతున్నారు." స్టాఫ్ రూముల్లో మెల్లగా అంటారు, క్లాసులో కొంచెం గట్టిగా అంటారు. మన రాష్ట్రంలో ఎస్టీ కోటా 6 శాతం. ఈఏపీసెట్‌లో ఎస్సీ, ఎస్టీలకు కనీస అర్హత మార్కుల నిబంధన లేదన్నదీ నిజమే. ఈ ఒక్క ముక్క పట్టుకుని నాలుగేళ్లూ పొడుస్తారు. అదే కాలేజీలో 30 శాతం సీట్లు మేనేజ్‌మెంట్ కోటా. అక్కడ ర్యాంకెంత బాబూ అని ఎవరైనా అడిగారా? డబ్బు కట్టి చేరిన అబ్బాయికి మూడు సబ్జెక్టులు పోతే "తెలివైనోడే, అల్లరెక్కువ" అంటారు. మన అబ్బాయికి ఒక్కటి పోతే "వీళ్లింతే" అంటారు. ఒకడి ఫెయిల్ వాడి అల్లరి ఖాతాలోకి, మనవాడి ఫెయిల్ మొత్తం జాతి ఖాతాలోకి! ఇదెక్కడి లెక్క? ఈ లెక్క వేసేవాళ్లా మనకి లెక్కలు చెప్పేది?

ఇంకో సంగతి. బెంజి సర్కిల్ నుంచి కంకిపాడు దాకా ఒకసారి బస్సెక్కండి. కానూరు, తాడిగడప, పోరంకి, పెనమలూరు, గంగూరు, ఈడుపుగల్లు. పట్టుమని పదహారు కిలోమీటర్లుండదు. రోడ్డుకి అటూ ఇటూ ఇంటర్ కాలేజీల టాపర్ల ఫొటోలు, ఇంజినీరింగ్ కాలేజీల ప్యాకేజీల ఫొటోలు. ఇంత చదువు ఈ నేలకి ఎలా వచ్చింది? 1855 నాటికే బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట కట్టారు. కాలువలొచ్చాయి. పంటలు పండాయి. మిగులొచ్చింది. ఆ మిగులులోంచే స్కూళ్లు, కాలేజీలు వచ్చాయి. కానూరులో సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీ 1977లోనే మొదలైంది. మూడు తరాలుగా ఇంట్లో ఎవరో ఒకరు చదువుకున్న పిల్లాడికీ, ఇంట్లో మొదటిసారి హాల్ టికెట్ చూసిన పిల్లాడికీ ఒకే రోజు, ఒకే బెంచీ మీద, ఒకే బోర్డు. మెరిట్ నేలలోంచి మొలవలేదు. కాలువలోంచి పారుకుంటూ వచ్చింది.

కాలువ అన్నాం కాబట్టి ఇదీ చెప్పాలి. 2015 నుంచి పట్టిసీమ దగ్గర గోదావరిని ఎత్తిపోసి, పోలవరం కుడి కాలువలో కృష్ణకి తెస్తున్నారు. మా శబరి నీళ్లు కలిసిన గోదావరి అది. ఇక్కడి వరి తాగుతున్నది ఆ నీళ్లు కూడా. తాగనివ్వండి, పంటకి కులమేముంది. కానీ నీళ్లకి కాలువ తవ్వారు, లాకులు కట్టారు, లస్కర్లను పెట్టారు. శివారు భూములకి నీరందకపోతే రైతులు రోడ్డెక్కుతారు, ఇంజినీర్లు పరిగెత్తుకుంటూ వస్తారు. అదే దారిలో వచ్చిన మా పిల్లలు శివారు బెంచీలో ఎండిపోతుంటే ఏ లస్కరూ రాడు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. దీన్ని ఫస్టియర్ పిల్లలు రెండుసార్లు చదవండి.

మొదటి ఏడాది నిన్ను ఎవరూ ఆపరు. అదే ఉచ్చు.

జేఎన్‌టీయూ కాకినాడ నిబంధనల ప్రకారం మొదటి ఏడాది నుంచి రెండో ఏడాదికి వెళ్లడానికి హాజరుంటే చాలు. 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్యలో ఉంటే కారణం చూపించి, డబ్బు కట్టి కండోనేషన్ తెచ్చుకోవచ్చు. అంతే. రాసిన సబ్జెక్టులన్నీ పోయినా సరే, నువ్వు సెకండియరే. "చూశారా, ఎంత దయ" అంటారేమో. ఆగండి. రెండో ఏడాది నుంచి మూడో ఏడాదికి వెళ్లాలంటే మాత్రం అప్పటిదాకా చదివిన వాటిలో 40 శాతం క్రెడిట్లు చేతిలో ఉండాలి. లేకపోతే డిటెయిన్. అంటే ఇల్లు అంటుకోవడం మొదటి సెమిస్టర్‌లో జరుగుతుంది, పొగ బయటికి కనబడేది రెండేళ్లకి. ఈ రెండేళ్లూ కాలేజీకి నీ పేరు మీద ప్రభుత్వం కట్టే ఫీజు వెళ్తూనే ఉంటుంది. నీకు మాత్రం బ్యాక్‌లాగులు పెరుగుతూ ఉంటాయి. మొదటి ఏడాది మ్యాథ్స్ రాకుండా రెండో ఏడాది సిగ్నల్స్ ఎలా వస్తుంది? సి రాకుండా డేటా స్ట్రక్చర్స్ ఎలా వస్తుంది? ఒకటి పోతే దాని మీద కట్టిన రెండు పోతాయి.

డిటెయిన్ అయ్యాక ఏమవుతుందో కూడా తెలుసుకో. ఒకసారి చదివిన ఏడాదినే మళ్లీ చదివితే దానికి స్కాలర్‌షిప్ రాదు. హాస్టల్ సీటు ప్రశ్నలో పడుతుంది. "పోనీ మానేస్తా, సర్టిఫికెట్లు ఇవ్వండి" అంటే కొన్ని చోట్ల మిగిలిన ఏళ్ల ఫీజు కట్టి తీసుకెళ్లమంటారు. నా గదికొచ్చే ఒక అబ్బాయికి ఇదే జరిగింది. టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ కాలేజీ బీరువాలో, వాడు ఊళ్లో పత్తి చేలో. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. చెబితే వినేవాళ్లెవరు? అడిగేవాళ్లుంటే వింటారు.

క్లాసులో ఏం జరుగుతోందో కూడా మాట్లాడుకుందాం, ఎందుకంటే "కష్టపడటం లేదు" అనే మాట నాకు ఒళ్లు మండిస్తుంది.

మన పిల్ల ఇంట్లో కోయ మాట్లాడుతుంది, లేదా కువి, సవర, లంబాడీ. బడికొచ్చాక తెలుగు నేర్చుకుంది. ఆ తెలుగులో పద్ధతిగా లెక్కలు నేర్చుకుంది. మాత్రిక, నిర్ధారకం, అవకలనం, సమాకలనం. ఇంజినీరింగ్ మొదటి రోజు సార్ వచ్చి మ్యాట్రిక్స్ అంటాడు, డిటర్మినెంట్ అంటాడు, ర్యాంక్ అంటాడు. మొదటి సెమిస్టర్ మ్యాథ్స్ పేపరే లీనియర్ ఆల్జీబ్రా, క్యాలిక్యులస్. సగం విషయం ఆ పిల్లకి ముందే తెలుసు. కానీ తనకి తెలుసన్న సంగతే తనకి తెలీదు! పోయిన ఏడాది ఒక చెల్లికి నిర్ధారకమూ డిటర్మినెంటూ ఒకటేనని చెప్పినప్పుడు "అన్నా, ఇదేనా?" అని నవ్వేసింది. అప్పటికి ఆరు వారాలు అయిపోయాయి. ఆరు వారాలు ఆ పిల్ల తనకి బుర్ర లేదనుకుంది. రెండు మాటలకి అర్థం చెప్పడానికి ఆ క్లాసులో ఎవరికీ తీరిక లేదు.

సి ప్రోగ్రామింగ్ సంగతి ఇంకా ఘోరం. పక్క బెంచీ అబ్బాయికి ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంది. ప్రోగ్రామ్ రాస్తాడు, తప్పొస్తుంది, దిద్దుతాడు, మళ్లీ రన్ చేస్తాడు. రాత్రి పదకొండు దాకా అదే ఆట. మనవాడికి వారానికి ఒక్క ల్యాబ్. అందులో సిస్టమ్ ఆన్ అయ్యేసరికి, లాగిన్ అయ్యేసరికి సగం టైమ్. మిగతా రోజులు నోట్‌బుక్‌లో పెన్నుతో ప్రోగ్రామ్ రాసుకుంటాడు. సెమీకోలన్ మర్చిపోయావని కాగితం నీకు చెబుతుందా? ఈత నేర్పిస్తామని గట్టు మీద కూర్చోబెట్టి పుస్తకం చదివించినట్టు.

ఇవన్నీ కాలేజీలవాళ్లకి చెబితే ఒక సమాధానం రెడీగా ఉంటుంది. "రెమిడియల్ క్లాసులు పెడుతున్నాం కదా, మీవాళ్లే రావట్లేదు." పెడతారు, ఎప్పుడు? సాయంత్రం నాలుగున్నరకి. నాలుగూ నలభైకి కాలేజీ బస్సు. అది పోతే ఆటోకి డబ్బులు చేతినుంచి పెట్టుకోవాలి. ఎస్టీ హాస్టల్‌కి ఆలస్యంగా వెళ్తే వార్డెన్‌కి సమాధానం చెప్పాలి. పైగా ఆ క్లాసుకి పిల్లలు పెట్టుకున్న పేరేంటో తెలుసా? "మొద్దుల క్లాసు." అందరూ చూస్తుండగా ఆ గదిలోకి నడిచి వెళ్లాలి. పద్దెనిమిదేళ్ల పిల్ల ఎలా వెళ్తుంది?

ఇక్కడ మీకొక పాత కథ చెప్పాలి. మనది కాదు, అమెరికాది. కానీ వింటే మన కంకిపాడులో జరిగినట్టే ఉంటుంది.

1970లలో కాలిఫోర్నియాలోని బర్కిలీ యూనివర్సిటీలో నల్లజాతి పిల్లలు మొదటి ఏడాది క్యాలిక్యులస్‌లో వరసగా ఫెయిలయ్యేవాళ్లు. అది పోతే ఇంజినీరింగూ పోయినట్టే. యూరీ ట్రైస్‌మన్ అనే పరిశోధక విద్యార్థి కారణమేంటని ప్రొఫెసర్లను అడిగాడు. వాళ్లేమన్నారంటే: పట్టుదల లేదు, పునాది లేదు, ఇంట్లో చదువు వాతావరణం లేదు, పేదరికం. మన ప్రిన్సిపాళ్లు చెప్పేవే, అక్షరం మారలేదు. ట్రైస్‌మన్ ఆ మాటలు నమ్మి ఊరుకోలేదు. 20 మంది నల్లజాతి విద్యార్థులు, 20 మంది చైనా మూలాల విద్యార్థులు ఎలా చదువుతున్నారో వాళ్ల వెంట తిరిగి చూశాడు. ప్రొఫెసర్లు చెప్పిన కారణాల్లో ఒక్కటీ నిలబడలేదు. కనబడిన తేడా వేరే ఉంది. చైనా పిల్లలు సాయంత్రం ఒకచోట చేరేవాళ్లు. కలిసి వండుకునేవాళ్లు, కలిసి లెక్కలు చేసేవాళ్లు, ఒకడి తప్పు ఇంకొకడు పట్టుకునేవాడు. ఏ లెక్క నిజంగా కష్టమో, ఏది తమకి మాత్రమే కష్టమో వాళ్లకి తెలిసేది. నల్లజాతి పిల్లల్లో 20 మందికి 18 మంది ఒంటరిగా చదివేవాళ్లు. గంటలకొద్దీ కష్టపడేవాళ్లు, పరీక్షలో దెబ్బతినేవాళ్లు, తప్పు తమలోనే ఉందనుకునేవాళ్లు.

అప్పుడు అతను చేసిన పనే గట్టి పని. రెమిడియల్ పెట్టలేదు. "మీరు వెనకబడ్డారు" అనలేదు. "మీకోసం కష్టమైన లెక్కల వర్క్‌షాప్ పెడుతున్నాం, రండి" అన్నాడు. మామూలు క్లాసు కంటే కఠినమైన లెక్కలు, చిన్న చిన్న గుంపులు, గుంపంతా కలిసి చేయాలి. ఫలితాలు తిరగబడ్డాయి. ఆ పద్ధతి తర్వాత ఎన్నో యూనివర్సిటీలకి పాకింది. మొద్దుల క్లాసుకీ దీనికీ తేడా చూశారా? ఒకటి నీకు రాదు అంటుంది. రెండోది నీకు వస్తుంది, నలుగురూ కలిసి చేయండి అంటుంది.

అంత దూరం ఎందుకు, మన దేశంలోనే ఉంది. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ కటాఫ్ కొంచెంలో అందుకోలేనివాళ్లకి ఏడాది ప్రిపరేటరీ కోర్సు ఉంటుంది. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లిష్ చెప్పి, అది పాసైతే మళ్లీ ఎంట్రన్స్ లేకుండా మొదటి ఏడాదిలోకి తీసుకుంటారు. పాత కృష్ణా జిల్లాలోనే నూజివీడు ట్రిపుల్ ఐటీ ఉంది. 2008లో మొదలైంది. పదో తరగతి మార్కులతో పల్లెటూరి పిల్లల్ని తీసుకుని, రెండేళ్లు పీయూసీ చెప్పి, ఆ తర్వాత నాలుగేళ్లు ఇంజినీరింగ్. ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకి అదనపు స్కోరు కలుపుతారు. అక్కడ సమస్యలు లేవని కాదు, ఆ పిల్లలు మెస్సు కోసం, ఫ్యాకల్టీ కోసం ఎన్నిసార్లు ధర్నా చేశారో మనకి తెలుసు. కానీ ఆలోచన సరైనది: గుమ్మం దాటించాక వదిలేయకు, అలవాటు పడేదాకా చేయి పట్టుకో. పల్లె పిల్లలు ఇంజినీరింగ్‌లో నిలబడరు అనేవాళ్లకి నూజివీడు వైపు చూపించండి.

చేయి వదిలేస్తే ఐఐటీ అయినా ఒకటే. 2015లో ఐఐటీ రూర్కీ 5 కంటే తక్కువ సీజీపీఏ వచ్చిందని 70 మందికి పైగా మొదటి ఏడాది పిల్లల్ని బయటికి పంపింది. వాళ్లలో అత్యధికులు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ పిల్లలే. గొడవైంది, కోర్టు దాకా వెళ్లారు, చివరికి మళ్లీ ఒక అవకాశం ఇచ్చారు. 2023 డిసెంబర్‌లో కేంద్రమే లోక్‌సభలో చెప్పింది: అంతకు ముందు ఐదేళ్లలో సెంట్రల్ యూనివర్సిటీల నుంచి 2,622 మంది, ఐఐటీల నుంచి 408 మంది, ఐఐఎంల నుంచి 91 మంది ఎస్టీ విద్యార్థులు మధ్యలో వెళ్లిపోయారు. ఇది కేంద్ర సంస్థల లెక్క. బందరు రోడ్డు లెక్క ఎవరి దగ్గరుంది? దాని సంగతి చివర్లో చెబుతా.

ఇప్పుడు తమ్ముడూ, చెల్లీ, నీతో.

తొలి ఎనిమిది వారాలు నీ నాలుగేళ్లలో అన్నిటికంటే ఖరీదైనవి. మొదటి మిడ్ వచ్చేలోపు నీకు ముగ్గురు కావాలి. నీ కులమే కానక్కర్లేదు, నీ జిల్లానే కానక్కర్లేదు. నీలాగే అర్థంకాక తల దించుకుని కూర్చున్నవాడు పక్క వరసలో తప్పకుండా ఉంటాడు. దళిత పిల్లాడు కావచ్చు, ముస్లిం అమ్మాయి కావచ్చు, కౌలు రైతు కొడుకు కావచ్చు. నలుగురూ కలిసి రోజుకో గంట. ఒకరు బోర్డు దగ్గర నిలబడి చెప్పాలి, మిగతావాళ్లు ఆపి ఆపి అడగాలి. అసైన్‌మెంట్ చూసి రాసేసుకోవడం కలిసి చదవడం కాదు, అది కలిసి మునగడం.

మార్కుల లెక్క తెలుసుకో, ఇది చాలామందికి రెండో ఏడాది దాకా తెలీదు. ఒక థియరీ సబ్జెక్టుకి ఇంటర్నల్ 30, ఎక్స్‌టర్నల్ 70. పాస్ కావాలంటే ఎక్స్‌టర్నల్‌లో 35 శాతం, మొత్తం మీద 40 రావాలి. ఇంటర్నల్‌లో 20 తెచ్చుకున్నవాడు చివరి పరీక్షకి ఊపిరి పీల్చుకుంటూ వెళ్తాడు. 8 తెచ్చుకున్నవాడు 32 కోసం యుద్ధం చేయాలి. ఇంకోటి: రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం లెక్కేస్తారు. అంటే మొదటి మిడ్ పాడైందని బ్యాగు సర్దుకోవద్దు. రెండోది గట్టిగా రాస్తే చాలావరకు దిద్దుకుంటుంది. మీది అటానమస్ కాలేజీ అయితే కొంచెం తేడా ఉండొచ్చు. చేరిన రోజే రూల్స్ పుస్తకం అడిగి తీసుకో. అది నీ హక్కు.

ఇంగ్లిష్ చూసి భయపడకు. ఏఐసీటీఈ వాళ్ల ఈ-కుంభ్ పోర్టల్‌లో ఇంజినీరింగ్ పుస్తకాలు తెలుగులో ఉచితంగా ఉన్నాయి. తెలుగులో అర్థం చేసుకో, ఇంగ్లిష్‌లో రాయి. నోట్‌బుక్ చివర రెండు పేజీలు వదులు. ఎడమ పక్క నీకు తెలిసిన తెలుగు మాట, కుడి పక్క ఇంగ్లిష్ మాట. నెల తిరిగేసరికి సార్ మాట్లాడేది సగం నీ భాషే అనిపిస్తుంది. పరీక్ష ఇంగ్లిష్‌కి కాదు, లెక్కకి.

ఇంటి మీద బెంగ పెట్టుకోవడం తప్పు కాదు. దసరాకి వెళ్లు, సంక్రాంతికి వెళ్లు. మన పండగలకీ వెళ్లు, అవి వాళ్ల క్యాలెండర్‌లో ఉండవు గానీ. కానీ తిరుగు టికెట్ వెళ్లేరోజే తీసుకో. తిరిగి రావడానికి ఛార్జీల్లేక ఆగిపోతే, అది ఎవరితోనైనా చెప్పు. ఆరేడు వందల దగ్గర ఇంజినీరింగ్ సీటు పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను.

"ఇంజినీరింగ్ మీకెందుకు, డిగ్రీ చేసి బీఈడీ చేస్కోండి" అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. మంచివాళ్లే, మన మేలు కోరేవాళ్లే. టీచర్లం కావాలి, అవుతాం. కానీ మన నది మీద డ్యామ్ డిజైన్ చేసేటప్పుడు, మన కొండలో బాక్సైట్ ఉందని మ్యాప్ గీసేటప్పుడు, ఏ ఊరు ఏ కాంటూర్‌లో మునుగుతుందో లెక్కేసేటప్పుడు ఆ గదిలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారు? ముంపు లెక్క తప్పని చెప్పాలంటే ముందు ఆ లెక్క మనకి రావాలి.

కాలేజీల యాజమాన్యాలకు రెండు ముక్కలు. మీ దయ అక్కర్లేదు, మీరు ఒప్పుకున్న పని చేయండి చాలు. మొదటి ఏడాది పిల్లలకు మూడు వారాల ఇండక్షన్ పెట్టాలని ఏఐసీటీఈ 2017లోనే చెప్పింది. చాలా చోట్ల ఆ మూడు వారాలు చైర్మన్ గారి సన్మానంతో, మోటివేషన్ స్పీకర్ల అరుపులతో గడిచిపోతున్నాయి. అందులో ఒక్క వారం లెక్కలకివ్వండి. తెలుగు మాటకీ ఇంగ్లిష్ మాటకీ వంతెన వేయండి. ఎస్సీ, ఎస్టీ కమిటీ ఉండాలని ఏఐసీటీఈ నిబంధన ఉంది. మీ వెబ్‌సైట్‌లో ఆ కమిటీ పేర్లు కనిపిస్తాయి. అది చివరిసారి ఎప్పుడు కూర్చుంది? మొదటి మిడ్ మార్కులు చూసి ఏ పిల్లనైనా పిలిచి మాట్లాడిందా? కంప్యూటర్ ల్యాబ్ రాత్రి ఎనిమిది దాకా తెరిచి, ఆ పిల్లల కోసం ఒక్క బస్సు ఆలస్యంగా నడపడానికి ఎంత ఖర్చవుతుంది? ఒక హోర్డింగ్ ఖర్చు కంటే ఎక్కువా? ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైందని హాల్ టికెట్ ఆపడం మాత్రం మీకు బాగా గుర్తుంటుంది. బాకీ పడింది ప్రభుత్వం, పరీక్షకి దూరమయ్యేది పిల్ల.

సంఘాల పెద్దలకు. జీవో 3 కోసం రోడ్డెక్కాం, మళ్లీ ఎక్కుతాం. పోడు పట్టాల కోసం జైళ్లకెళ్లినవాళ్లు మీరు, మీకు పోరాటం నేర్పేంతటివాణ్ణి కాదు. కానీ రిజర్వేషన్ అంటే సీటు మాత్రమే అని ఎవరు చెప్పారు? సీటు గుమ్మం. ఆ గుమ్మం దాటాక లోపల ఎంతమంది మిగిలారో లెక్కపెట్టని పోరాటం సగమే. ఈసారి శాలువాలకి, ఫ్లెక్సీలకి పెట్టే డబ్బుతో నాలుగు సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు కొని బందరు రోడ్డులో ఒక గదిలో పెట్టండి. థర్డియర్, ఫోర్తియర్ అన్నలూ అక్కలూ, మీరు ఆదివారం రెండు గంటలివ్వండి. మీకు మాత్రికలు ఎవరు నేర్పారో గుర్తుంటే చాలు, వేరే కారణం అక్కర్లేదు.

ఇక బందరు రోడ్డు లెక్క. ప్రైవేటు కాలేజీలు మనకి చెప్పవు. కానీ ఫీజు కట్టేది ప్రభుత్వం, కాబట్టి లెక్క ప్రభుత్వం దగ్గర ఉండి తీరాలి. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 6 కింద తెల్ల కాగితం మీద అర్జీ, పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు. కృష్ణా జిల్లా గిరిజన సంక్షేమ అధికారికి ఒకటి, ఎన్టీఆర్ జిల్లా అధికారికి ఒకటి. తెలుగులోనే రాయండి. ఈ నాలుగూ అడగండి, ఒక్కో కాలేజీకి విడివిడిగా, గత ఐదేళ్లకి:

మొదటి ఏడాది ఇంజినీరింగ్‌లో ఎంతమంది ఎస్టీ విద్యార్థులకు ఫీజు కట్టారు? అదే బ్యాచ్‌లో మూడో ఏడాది ఎంతమందికి కట్టారు? మధ్యలో తగ్గినవాళ్లు ఎందుకు తగ్గారో మీ శాఖ ఎప్పుడైనా కనుక్కుందా, కనుక్కుంటే ఆ రిపోర్టు కాపీ ఇవ్వగలరా? వాళ్లలో ఎంతమంది ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంకా కాలేజీల దగ్గరే ఉన్నాయి?

కంకిపాడు నుంచి మా అర్జీ ఈ సోమవారం వెళ్తోంది. మీ ఊరి నుంచి ఎప్పుడు వెళ్తుందో కింద రాయండి.

జై ఆదివాసీ.